ఆయ్ అన్నంత మాత్రాన

ఒక్క మాటతో భాష మొత్తం వచ్చేసిందనుకున్న తెలివితక్కువవాణ్ణి నేను. ఆ భాష స్పానిష్. ఆ మాట ‘ఆయ్’. ఫోనులో పాఠాలు చెప్పే యాప్ ఒకటి పెట్టుకుని, మొదటి రోజే ఆ మాట దగ్గర ఆగిపోయాను. మనకైతే వస్తువు ఉంది, వస్తువులు ఉన్నాయి, కుర్రాడు ఉన్నాడు, పెద్దాయన ఉన్నారు. వాళ్ళకు అన్నిటికీ కలిపి ఆయ్ ఒక్కటే. జీడిపిక్క ఒకటున్నా ఆయ్, బస్తాలున్నా ఆయ్, పనివాళ్ళున్నా ఆయ్. లేకపోతే ముందు ‘నో’ తగిలిస్తే సరి. నాలాంటి బద్ధకస్తుడి కోసమే పుట్టిన మాట అనిపించి, మిగతా భాషను వాళ్ళకే వదిలేశాను.

పలాసలో మా మావకు జీడిపప్పు బట్టీ ఉంది. ఆయన ముందు నాకు మేనమామ, తరవాత పిల్లనిచ్చిన మావ. అందుచేత అల్లుడి మర్యాద పెళ్ళి పందిరి విప్పేవరకే దక్కింది. పందిరితో పాటు నన్నూ తీసుకెళ్ళి పెరట్లో, పిక్కలు ఎండబెట్టే చోట పడేశారు. నా కన్నంతా ముందు గదిలో బేరాలు మాట్లాడే కుర్చీ మీద ఉండేది. దాని పైన ఫ్యాను కూడా ఉంది.

స్పెయిన్‌లో మిఠాయిలు చేయించే ఒకావిడ పప్పు కొనడానికి వస్తోందని విశాఖపట్నం ఏజెంటు కబురు చేశాడు. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రమట. నేను నా స్పానిష్ సంగతి బయటపెట్టాను.

“నీకొచ్చునేటి?” అన్నాడు మావ.

“వచ్చు మావా.”

“అయితే ఈ బేరం కుదిర్చీ. కుర్సీ నీదే. కుదరకపోతే మాత్రం ఎండలోంచి కదిలీవంటే సూడు!”

ముందు ఆవిడ ఫోను చేసింది. గడగడా మాట్లాడింది. అందులో నాకు తెలిసింది ఆయ్ ఒకటి, వన్ ఎయిటీ ఒకటి. నూట ఎనభై అంటే గుండ్లలో, అదే విరగని పప్పులో, అన్నిటికన్నా పెద్ద రకం. ఆ రకం ఆ రోజు మా బట్టీలో ఒక్క టిన్ను కూడా లేదు. ఆ మాట మావ చెవిలో వేశాను.

“ఉన్నాయని సెప్పు,” అని మావ నా భుజం గిల్లాడు.

“ఆయ్,” అన్నాను.

ఇందులో మావ తప్పేమీ లేదు. మా దగ్గర వ్యాపారం సాగే పద్ధతే అది. ఏ రకం అడిగినా ముందు ఉందనాలి, తరవాత తెలిసినవాళ్ళ బట్టీకి మనిషిని పంపాలి. రేపు వాళ్ళకు తక్కువైతే మనం పంపుతాం. ఇటువైపు కొనేవాళ్ళకు ఇదంతా తెలుసు. సరుకు వేళకు చేరితే చాలు, ఎవరి గోడౌన్లోంచి వచ్చిందని ఎవరూ ఆరా తీయరు. స్పెయిన్ ఆవిడకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

టెక్కలిలో బట్టీ ఉన్న మావ స్నేహితుడు నూట ఎనభై రకం టిన్నులు వ్యానులో పంపిస్తానన్నాడు. వ్యాను కన్నా ముందు ఆవిడ కారు వచ్చేసింది. మావ ఆవిడకు కొబ్బరి బొండం ఇప్పించాడు. అది అవగానే ఇంకొకటి ఇప్పించాడు. ఆవిడ బొండం పక్కన పెట్టి, పొట్టు తీసే ఆడవాళ్ళ మధ్యకు నడిచి, నావైపు తిరిగింది.

“దోందె ఎస్తాన్?”

ఇది బహుశా రెండో పాఠంలో ఉండి ఉంటుంది. “ఆయ్,” అన్నాను. ఆవిడ చేతులు రెండూ చాచి, గది నాలుగు వైపులా చూపించి మళ్ళీ అడిగింది. ఎక్కడున్నాయంటోందని అప్పటికి నా బుర్రకెక్కింది. చెప్పడానికి చేతిలో ఉన్నది అదే మాట. “ఆయ్, ఆయ్.”

“అల్లుడు బాబు గోదారోడైపోనాడే! ఆయ్ ఆయ్ అంతన్నాడు,” అంది పొట్టు తీస్తున్న ఒకావిడ. గదంతా నవ్వు.

ఆ నవ్వులోనే వ్యాను వచ్చి గేట్లో ఆగింది. దించుతున్న టిన్నుల మీద టెక్కలి బట్టీ పేరు ఇంగ్లీషులో, ఇంతింత అక్షరాలతో ఉంది. ఆవిడ ఆ పేరు చదివింది. తలెత్తి మా బోర్డు చదివింది. తరవాత నన్ను చూసింది.

“మనవేనని సెప్పు, బేగి సెప్పు,” అన్నాడు మావ.

మనవి అనడం నాకు రాదు. వచ్చినా ఆవిడ అలా చూస్తుండగా అనేవాణ్ణి కాదు. నాకు మిగిలిన స్పానిష్ అంతా వాడేశాను.

“నో ఆయ్.”

ఆ ‘నో’ మావకు కూడా అర్థమైంది. ఆవిడ మాత్రం కోప్పడలేదు. ఆడవాళ్ళ ముందున్న చేటలోంచి రెండుగా విడిన పప్పు బద్ద ఒకటి తీసి నమిలి, “ఆయ్?” అంది. బద్దలైతే మా దగ్గర మూలమూలనా ఉన్నాయి. “ఆయ్!” అని అరిచాను. ఆవిడ నా వెంట గోడౌన్లోకి వచ్చి, కళ్ళతో చూసినంత సరుకే బేరం చేసి వెళ్ళింది.

కుర్చీ మాట ఎత్తాను.

“నాను కుదర్చమన్నది గుండ్ల బేరం. బద్దల బేరానికి కుర్సీ ఎవులిత్తారు?” అన్నాడు మావ. “నీకు నిజాలు సెప్పడం అలవాటైపోనాది. గేటు కాడ కూకో, అడిగినోళ్ళకి సెప్పుకో.”

ఎండబెట్టే చోటినుంచి గేటుకు మారాను. అక్కడా ఎండే, ఇక్కడా ఎండే. ఇక్కడ స్టూలు అదనం.

టెక్కలి టిన్నులు మావ వెనక్కి పంపలేదు, ఇంకెవరైనా పెద్ద గుండ్లు అడక్కపోతారా అని. స్నేహితుడు ఫోను చేస్తే ఎత్తడం మానేశాడు. ఒక మధ్యాహ్నం ఆ స్నేహితుడే బండి మీద వచ్చి దిగాడు. మావ అతన్ని దూరం నుంచే చూసి, “ఊర్లో లేనని సెప్పు,” అని గోడౌన్లోకి దూరాడు.

“ఏటి అల్లుడూ, మీ మావున్నాడేటి?”

“ఉన్నాడండి.”

“ఎక్కడ?”

“గోడౌన్లో.”

“మరి నా టిన్నులో?”

“అయ్యీ అక్కడే ఉన్నాయండి. మావ ఆటి మీదే కూకున్నాడు.”