తూర్పుకు తిరిగిన శంఖం

మా ఇంటి పరువు ఒక శుక్రవారం పొద్దున పూజగదిలోంచి ఎలా నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయిందో ఈరోజు చెబుతాను. నడుచుకుంటూ అన్నది మాటవరసకు కాదు. దానికి నిజంగానే కాళ్ళున్నాయి. పాప నిద్రపోయింది కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. మెలకువగా ఉంటే నా భుజం మీద వాలి, ఫోన్లో ఏ బొమ్మ కనిపించినా ఆ మాటే అంటుంది. ఏ మాటో కాస్త ఆగి చెబుతాను, తొందరపడకండి.

నేను ఎమ్మెస్సీ జువాలజీ. నరసరావుపేటలో కిరాణా కొట్టున్న ఇంటికి కోడలిగా వచ్చాను. మాది కోడిగుడ్డు గడప తొక్కని ఇల్లు. కేకు కొనాలన్నా మా అత్తయ్య అట్టపెట్టె మీద పచ్చ చుక్క కోసం కళ్ళజోడు పెట్టుకుని వెతుకుతుంది.

మా పాపకి రెండేళ్ళు నిండినా మాట రాలేదు. చెవులు భేషుగ్గా వినిపిస్తాయి. పక్కింట్లో చాక్లెట్ కాగితం విప్పినా ఇక్కడ తల తిప్పుతుంది. నోరు మాత్రం విప్పదు. "కొందరు పిల్లలు ఆలస్యంగా మొదలుపెడతారు, కంగారు పడకండి" అన్నారు డాక్టరు. నన్ను కంగారు పడొద్దనడం చేపను ఈదొద్దనడం లాంటిది. ఇంట్లో తలుపుకీ, ఫ్రిజ్జుకీ, చివరికి మా ఆయన చొక్కాకీ పేర్లు రాసి చీటీలు అంటించాను. నేను ఒక్కొక్కటే చదువుతుంటే పాప నావైపు పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ చూసినట్టు చూసేది.

దానికి తోడు పక్కింటి రమణమ్మ పిన్ని. "ఏందమ్మాయ్, పిల్ల ఇంకా మాట్టాళ్ళేదా? మా మనవడు ఈ వయసుకి కేబులోడితో పోట్టాడేవోడు!"

అప్పుడు మా అత్తయ్య తన వైద్యం బయటికి తీసింది. "శంఖంలో నీళ్ళు పోసి తాపితే మాటలు గలగలా వచ్చేస్తయ్ అమ్మాయ్. మా పుట్టింట్లో అందరికీ అట్టానే పోశారు."

ఆవిడ పుట్టింటివాళ్ళలో నోరు మూసుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. కాబట్టి ఆధారం లేదని కొట్టిపారేయడానికీ వీల్లేకపోయింది. అయినా చదువుకున్నదాన్ని కదా, శాస్త్రం గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ ఓపిగ్గా విని, "అయిపోయిందా?" అంది.

"పోనీ, బజార్లో ఒకటి కొందాం అత్తయ్యా."

"కొన్నది పన్జెయ్యదు. సముద్రం తనంతట తాను ఒడ్డున పెట్టింది కావాల."

తెల్లారి లేస్తే అమ్మకం మీద బతికే ఇంట్లో కొన్న సరుకంటే అంత చులకన!

ఉపన్యాసం ఇచ్చిన నెలలోపే తుపాను వచ్చి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే మా ఆయన దగ్గర చేరాను.

"ఏవండీ, సూర్యలంక బీచికి వెళ్ళొద్దామా?"

"ఇప్పుడా? ఎందుకు?"

"ఊరికే, గాలి మార్పుకి."

"నిన్నటిదాకా వచ్చిందంతా గాలే గదే!"

అయినా బయల్దేరదీశాను. పాపని అత్తయ్యకి అప్పజెప్పి, చేతులకు తొడుగులు, మూతికి మాస్కు, సంచిలో శానిటైజరు పెట్టుకుని ఆపరేషన్‌కి వెళ్ళే సర్జన్‌లా ఇసుకలోకి దిగాను.

తుపాను తర్వాత సముద్రం ఇల్లు ఖాళీ చేసే మనిషిలా సామానంతా బయట పడేసింది. ఒంటి చెప్పులు, తెగిన వలలు, అద్దం లేని హెల్మెట్, ఒక కన్ను పోయిన బొమ్మ. మా ఆయన వ్యాపారి రక్తం ఒక్కసారిగా పొంగింది. "ఈ తాడు చూడు, ఎంత గట్టిగుందో! ఈ డబ్బా పప్పు పోసుకోటానికి బాగుంటది" అంటూ కారు డిక్కీ నింపడం మొదలుపెట్టాడు.

నేను గవ్వ కనిపిస్తే చాలు కోడిలా వంగి కెలుకుతూ పోయాను. అంతలో నాచు కుప్ప పక్కన, నా పిడికిలికన్నా పెద్దది, తెల్లగా, మెలి తిరిగి కనిపించింది! నోట్లో ముదురు రంగుది ఏదో బిరడాలా అడ్డంగా ఉంది. ఇసుక గడ్డకట్టిందనుకున్నాను. అచ్చం అదే బొమ్మని పరీక్షలో గీసి, భాగాలకు పేర్లు రాసి మార్కులు తెచ్చుకున్న మనిషిని. ఏం లాభం, ఇక్కడ బాణం గుర్తులు లేవు మరి.

ఇంటికి రాగానే దాన్ని మరిగే నీళ్ళలో వెయ్యబోయాను. అత్తయ్య చెయ్యి పట్టుకుంది.

"శంఖాన్ని ఉడకబెడతావటే! బంగాళాదుంప అనుకున్నావా?"

తడిగుడ్డలో చుట్టి, పూజగదిలో ఇత్తడి పళ్ళెంలో బియ్యం మీద, మూతి పడమటికి ఉండేలా ఆవిడే పెట్టింది. మర్నాడు శుక్రవారం, పూజ చేసి పాపకి నీళ్ళు పోయాలని నిర్ణయం.

పొద్దున్నే ఇల్లదిరేలా కేక. "అమ్మాయ్! శంఖం తిరిగింది!"

పరుగెత్తాను. గుడ్డ పక్కకు పడిపోయి ఉంది. బియ్యం చెదిరి ఉన్నాయి. శంఖం మూతి తూర్పుకి ఉంది.

"ఎలకై ఉంటుంది అత్తయ్యా."

"ఎలకైతే బియ్యం తినుద్ది గానీ దిక్కులు చూసుకుంటదా?"

నా జువాలజీ ఆ పూటకి సెలవు పెట్టేసింది. నిజం చెప్పనా? నాకే నమ్మాలనిపించింది. పాప ఒక్కసారి "అమ్మా" అంటే చాలు, శంఖం తూర్పుకేం ఖర్మ, తిరుపతికి తిరిగినా నమ్మేదాన్ని.

కాఫీ చల్లారేలోపు ఫొటో చుట్టాల గ్రూపులన్నీ తిరిగొచ్చింది. వీధివాళ్ళు కొబ్బరికాయలతో దిగారు. రమణమ్మ పిన్ని ముందు వరసలో పీట వేసుకుంది. "పూజయ్యాక కొట్లో గల్లాపెట్టె మీద పెడదామమ్మా" అని మా ఆయన అప్పుడే చోటు కూడా చూసేశాడు.

అత్తయ్య శంఖంలోకి నీళ్ళు పోసింది. లోపలినుంచి బుడగలొచ్చాయి.

"చూశారా! ఊపిరి పీలుస్తంది!"

అందరూ చేతులు జోడించారు. నేను పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. శంఖం దగ్గరికొస్తుంటే నాలోని తల్లి ఆగలేకపోయింది. "అత్తయ్యా, ఒక్క నిమిషం! ఆ నీళ్ళు వడగట్టనా?"

"తీర్థాన్ని వడగడతారటే ఎవరన్నా?"

ఆవిడ మాట పూర్తి కాకముందే శంఖంలోంచి ఎర్రటి కాలొకటి బయటికొచ్చింది. వెనకాలే ఇంకోటి. ఆ తర్వాత రెండు కళ్ళు, పుల్లలకి గుచ్చినట్టు నిక్కబొడుచుకుని, మా పాపని ఎగాదిగా చూశాయి. ఖాళీ గుల్లల్లో కాపురం పెట్టే పీత అది. మేం హారతిచ్చింది దాని ఇంటికి.

"ఓరి నాయనో, ఎండ్రకాయ!" అని అత్తయ్య పళ్ళెంలోకి వదిలేసింది.

అది శంఖాన్ని వీపు మీదేసుకుని కొబ్బరికాయల మధ్యనుంచి పక్కగా పరుగు తీసింది. రమణమ్మ పిన్ని పీట మీదకెక్కి, "ఒరేయ్, నా చీరలోకొస్తంది రోయ్!" అని అరుస్తోంది. దేవుడికి తప్ప ఎవరికీ తల వంచని మా ఆయన చీపురు కోసం మంచం కిందికి దూరాడు.

ఆ గోలలో పాప నా ఒళ్ళోంచి జారి, దాని వెనకే పరుగెత్తి, వేలు చూపించి, వీధి చివరిదాకా వినిపించేలా అంది:

"ఎందకాయ్!"

మా ఆయన మంచం కిందనుంచి తల బయటికి పెట్టాడు.

"ఎందకాయ్! ఎందకాయ్!"

నేను కూర్చున్నచోటే ఏడ్చేశాను. అత్తయ్య ముఖంలో ఒక కన్ను ఆనందంతో, రెండోది అవమానంతో తడిసింది. "నోరు తెరిచింది తల్లి! చానా సంతోషం! కానీ మనింటా వంటా లేని మాటేందే అది!"

"మన శంఖం పన్జేసింది గదా వొదినా," అంది పిన్ని పీట మీదనుంచి దిగకుండానే. "ఆ ఎండ్రకాయని మా చెల్లెలి మనవరాలి కోసం ఒక్కపూట పంపిస్తావా?"

ఇక పాపని ఆపడం ఎవరి వల్లా కాలేదు. గుడికెళ్తే పూజారిగారు "నీ పేరేంటి తల్లీ?" అన్నారు. ఎందకాయ్. కొట్లో కూర్చోబెడితే వచ్చినవాళ్ళందరికీ ఎందకాయ్. ఒకాయన నిజంగానే సంచీ తీసి, "శెట్టిగారూ, ఎండ్రకాయలు కూడా తెప్పిస్తన్నారా? చెప్పలేదే! కిలో ఎట్టా?" అని అడిగాడు. ఆ రోజంతా మా ఆయన ఎవరికీ ఎదురుపడలేదు.

పీతని మాత్రం బకెట్లో పెట్టి ఆ శుక్రవారం సాయంత్రమే సముద్రానికి తీసుకెళ్ళాం. పాపకి నోరిచ్చిన జీవి అని అత్తయ్య బకెట్‌కి పసుపూ కుంకుమా పెట్టి మరీ సాగనంపింది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మనిషి మమ్మల్ని చూసి, "కొనుక్కుపోయేవోళ్ళని చూశాం గానీ, తెచ్చి వదిలేవోళ్ళని ఇదే చూట్టం సార్" అన్నాడు.

పీత తన ఇల్లు సర్దుకుని అలలోకి వెళ్ళిపోయింది. పాప నీళ్ళవైపు చూసి, ఇసుకవైపు చూసి, నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగింది.

"అమ్మా, ఎందకాయ్ ఏదీ?"

ఆ మొదటి రెండక్షరాల కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశానో! చివరికి అవి నన్ను పిలవడానికి రాలేదు, ఎండ్రకాయ అడ్రసు అడగడానికొచ్చాయి.

కాబట్టి సముద్రుడి సాక్షిగా, తడి ఇసుకలో నిలబడి, నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: ఇకమీదట ఒడ్డున ఎంత ముచ్చటైన శంఖం కనిపించినా సరే, ముందు తలుపు తట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడిగి, జవాబు రాకపోతే ఇంకోసారి తట్టి, అప్పటికీ రాకపోతే మా పాపచేత పిలిపించి గాని, ఇంటికి తీసుకురాను.