కంటికి ఆనని ఈగ

థ్రాప్లీ రిజర్వాయరు మీద రోలండ్ టెబట్‌కి ఇద్దరే శత్రువులు. ఒకటి తూర్పుగాలి, రెండోది మారిస్ గాచ్. తూర్పుగాలి ఎప్పుడో ఒకప్పుడు తగ్గుతుంది. మారిస్ మాత్రం ప్రతి శనివారం పొద్దున్నే కారు తెచ్చి రోలండ్ గుమ్మం ముందు హారన్ మోగిస్తాడు. అతణ్ణి ఎక్కించుకొని వెళ్లి, ఇద్దరికీ కలిపి ఒకే పడవ తీసుకొని, పొద్దు వాలేదాకా ఆ పడవలో కూర్చొని తిట్లు తింటాడు. శత్రుత్వం అంటే ఇంత క్రమశిక్షణగా ఉండాలి.

తగువంతా ట్రౌట్ చేపకి ఏం చూపించాలన్నదాని మీద. రోలండ్‌ది చిన్న ఈగల మతం. నీటిలోంచి పైకి తేలివచ్చే దోమపిల్ల ఎలా ఉంటుందో అచ్చం అలాగే, జీలకర్ర గింజంత గాలానికి నల్లదారం చుట్టి కట్టిన బొమ్మ ఈగ. చేప దాన్ని నిజం పురుగే అనుకొని మర్యాదగా నోట్లో వేసుకోవాలి. మారిస్‌ది తళుకు ఎర. వేలెడు పొడవు, గులాబీ ఈకలు, వెండి జరీ, లోకంలో ఏ పురుగునీ పోలని అవతారం. దాన్ని చూసి చేపకి ఆకలి వేయదు, ఒళ్లు మండుతుంది. వచ్చి కరుస్తుంది.

"చేపని అడిగి వడ్డించాలిరా, ఏం తింటావమ్మా అని," అంటాడు రోలండ్. "నువ్వు సర్కస్ బ్యాండు వాయిస్తావు."

"బ్యాండు వింటే జనం ఇళ్లలోంచి బయటికొస్తారుగా. చేపా అంతే," అంటాడు మారిస్.

రోలండ్‌కి ఇందులో నిజంగా నొప్పి తగిలిన చోటు ఒకటి ఉంది. ఒకప్పుడు మారిస్ కూడా చిన్న ఈగలవాడే, అదీ చేయి తిరిగినవాడు. ఒక వసంతంలో, ముందు ఒక్క మాటైనా చెప్పకుండా, గులాబీ ఈకల డబ్బాతో పడవెక్కాడు. కారణం అడిగితే, "విసుగేసిందిరా" అన్నాడు. ఆ రోజు నుంచి రోలండ్ నోటికి తాళం లేదు.

రోలండ్ ఉద్యోగమంతా ఊళ్లోని బూట్ల ఫ్యాక్టరీలో గడిచింది. తోలు పరిచి, పైభాగాలు కోసే పని. దూడ బతికున్నప్పుడు ముల్లు గీరుకున్న మచ్చ కూడా అతని కంటిని దాటిపోయేది కాదు. రిటైరయ్యాక ఆ కన్ను చేపల క్లబ్బుకి పనికొచ్చింది. కొత్త సభ్యులు తాము కట్టిన ఈగల్ని అరచేతిలో పెట్టుకొని వచ్చి అతని ముందు నిలబడేవారు. అతను ఒక్కసారి చూసి, "మెడ లావు" అనో, "తోక ఎక్కువ" అనో తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

అలాంటి కళ్లు మొరాయించాయి. అవతలి ఒడ్డు మీది కొంగ కనబడుతుంది, ముక్కు కింది వస్తువు కనబడదు. పేపరు చదవడానికి చేతుల పొడవు చాలడం మానేసింది. ఒకరోజు పొద్దున నారింజపండ్ల మార్మలేడ్ అనుకొని రొట్టె మీద ఆవాల ముద్ద దట్టంగా రాసుకున్నాడు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా ఆఖరి ముక్కదాకా తిని, "ఇవాళ కాస్త ఘాటుగా ఉంది," అన్నాడు. అతని భార్య ఏవిస్ ఆ మధ్యాహ్నమే వెళ్లి కళ్లద్దాలు కొనిపించింది. అవి మేజోళ్ల సొరుగులో ఉంటాయి. కిటికీ తెర వేస్తే తప్ప ముక్కు మీదికి రావు.

ఏవిస్ కూడా అదే ఫ్యాక్టరీలో కుట్టుపని చేసిన మనిషి. సూది ఎక్కించడంలో ఆమెకి ఆమే సాటి. అందుకని శుక్రవారం సాయంత్రాల్లో ఒక రహస్య కార్యక్రమం మొదలైంది. ఆమె ఒక్కో చిన్న ఈగ తల దగ్గరి సూదిబెజ్జమంత కన్నంలోకి నైలాన్ దారపు ముక్క ఎక్కించి, ముడివేసి, ఒక్కొక్కటి ఒక్కో బెండుకి చుట్టి ఇచ్చేది. నీటి మీద ఒకటి తెగితే రోలండ్ ఇంకో బెండు విప్పి, దారం కొసన ఉన్న పెద్ద ఉచ్చుని గాలపు తాడుకి తగిలించుకునేవాడు. దానికి కళ్లతో పని లేదు, వేళ్లు చాలు.

"ఆ మారిస్‌తో చెప్పేస్తే నీ సొమ్మేం పోయింది మహానుభావా?" అంది ఏవిస్ ఒకసారి.

"ఇన్నేళ్లూ వాడికి చెప్పిన నీతులన్నీ ఉండచుట్టి నా నోట్లోనే కుక్కుతాడు. 'నువ్వూ ఈకలు కొనుక్కో' అంటాడు."

అది సగం నిజం. మిగతా సగం అతను ఏవిస్‌కి కూడా చెప్పలేదు. రోలండ్‌కి భయం వేసింది. చిన్న ఈగ కట్టుకోలేని రోలండ్ టెబట్ అంటే ఎవరో అతనికే తెలియదు.

మే నెలలో ఒక శనివారం ఆ భయం పడవలోకే వచ్చి కూర్చుంది.

పొద్దున బాగానే మొదలైంది. మారిస్ గులాబీ ఈకకి ఒక చేప పడింది. క్లబ్బులో ఆచారం ఏమిటంటే, పడవలో మొదటి చేప పడగానే పొడుగాటి సన్న గరిటె దాని గొంతులోకి దించి, కడుపులో ఉన్నది తెల్లగిన్నెలో నీళ్లలోకి వంపుతారు. అది ఏం తిన్నదో చూసి, దాన్నిబట్టి ఈగ ఎంచుకుంటారు. గిన్నె చదివేది ఎప్పుడూ రోలండే. వంగి చూశాడు. తెల్లగా ఏదో, అందులో నల్లగా ఏదో.

"నల్లదోమలు," అన్నాడు. మే నెలలో ఇంకేం ఉంటాయి?

మారిస్ కూడా గిన్నె మీదికి వంగి, "అవునవును. కాళ్లు కూడా తెలుస్తున్నాయి," అన్నాడు.

రోలండ్ గిన్నెని పక్కకి నెట్టేశాడు. వీడికి కాళ్లు కూడా కనబడుతున్నాయి!

తర్వాత గాలి పెరిగింది. ఒక ఈగ లంగరు తాడుకి చుట్టుకుంది. ఒకదాన్ని మంచి చేపే తెంపుకుపోయింది. రెండు దారాలు మారిస్ ఎరతో పడ్డ చిక్కులో కత్తెర పాలయ్యాయి. సాయంత్రానికి బెండ్లన్నీ ఖాళీ. సరిగ్గా అప్పుడు గాలి ఆగిపోయింది. నీళ్లమీద దోమలు లేచాయి. పడవ చుట్టూ, కనుచూపు మేర, ట్రౌట్లు పైకొచ్చి పెదవులతో సుతారంగా దోమల్ని అందుకుంటున్నాయి. మారిస్ ఎర వాటి మధ్యనుంచి వెళితే పక్కకి తప్పుకొని దారి ఇచ్చాయి. ఏడాదికి ఒకటో రెండో సాయంత్రాలు అలా వస్తాయి. రోలండ్ బతికేది వాటి కోసమే.

అతను ఈగల డబ్బా తెరిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏరా, ధ్యానమా?" అన్నాడు మారిస్.

"ఎంపిక. నీకు అర్థంకాదులే."

ఒక ఈగని తీసి, కన్నం కనబడేలా ఆకాశపు వెలుగుకి ఎదురుగా పట్టుకున్నాడు. దారం పొడిచాడు. వేలికి తగిలింది. మళ్లీ పొడిచాడు. గాలం బొటనవేలిలో దిగింది. మూడోసారి ఈగ జారి పడవ అడుగున ఎక్కడో పడింది. ఇంకోటి తీశాడు. దూరం నుంచి ఒక పెద్ద చేప నింపాదిగా తింటూ పడవవైపే వస్తోంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"మారిస్," అన్నాడు. "ఈ ఈగని కట్టి ఇవ్వరా. నాకు కనబడటం లేదు."

మారిస్ తల తిప్పి చూశాడు.

"రెండేళ్లబట్టీ ఇంతే. ఏవిస్ కట్టిస్తోంది. ఇప్పుడు నవ్వేదుంటే నవ్వు, కానీ ముందు కట్టు. ఆ చేప వెళ్లిపోతుంది."

మారిస్ నవ్వలేదు. గాలపు గెడ కింద పెట్టి, ఈగని అందుకున్నాడు. దాన్ని ఆకాశపు వెలుగుకి ఎదురుగా పట్టుకున్నాడు. నాలిక బయటపెట్టి దారం పొడిచాడు. వేలికి తగిలింది. మళ్లీ పొడిచాడు. రోలండ్ అతని వేళ్లకేసి చూశాడు, తర్వాత మొహంకేసి చూశాడు.

"ఒరే," అన్నాడు మెల్లగా. "నీక్కూడానా?"

"ఏనాడో," అన్నాడు మారిస్.

"మరి పొద్దున కాళ్లు కనబడ్డాయన్నావు?"

"నువ్వు దోమలన్నావు. దోమలకి కాళ్లుంటాయి కదా అని అన్నాను."

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. పడవ ఊగింది. పెద్ద చేప వాళ్ల పక్కనుంచే, ఎవరికీ భయపడాల్సిన పని లేనట్టు తింటూ వెళ్లిపోయింది.

నవ్వు తగ్గాక మారిస్ కళ్లు తుడుచుకొని అన్నాడు: "క్లబ్బులో ముసలి హబర్డ్ కళ్లద్దాలు పెట్టుకొని ఈగ కట్టుకుంటుంటే నువ్వేమన్నావో గుర్తుందా? 'కళ్లు పోయినవాడు ఇంట్లో కూర్చొని స్వెట్టర్లు అల్లుకోవాలి' అన్నావు. అందరూ నవ్వారు. హబర్డ్ మళ్లీ రాలేదు. నాకు అప్పటికే మసక మొదలైంది."

రోలండ్ ఒళ్లోని డబ్బా మూసేశాడు.

"గులాబీ ఈకకి కన్నం పెద్దది, చీకట్లో కూడా దారం ఎక్కుతుంది. దారి తప్పినవాణ్ణి నువ్వు తిడతావు గానీ, పడవలోంచి దించవని తెలుసు. అందుకని దారి తప్పాను."

రోలండ్‌కి సిగ్గేసింది. జీవితంలో అంత సిగ్గు ఎన్నడూ ఎరగడు. దోమలు తగ్గుముఖం పట్టాయి. నీళ్ల మీద వలయాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఏడాదికోసారి వచ్చే సాయంత్రం ఒక్క ఈగైనా నీట పడకుండానే అయిపోయింది, అతనికి ఆ సంగతి తట్టనేలేదు.

"హబర్డ్ ఇల్లు నీకు తెలుసా?" అన్నాడు చివరికి.

"తెలుసు."

"రేపు తీసుకెళ్లు. మొహం చూపించాలి." ఖాళీ బెండ్లు ఏరుకుంటూ, "శుక్రవారం మా ఇంటికి రా. ఏవిస్ నీక్కూడా కట్టిస్తుంది," అన్నాడు.

"చిన్న ఈగలా? అప్పుడు శనివారాలు నన్ను దేనికి తిడతావురా?"

రోలండ్ మారిస్ గెడకేసి చూశాడు.

"నువ్వు తాడు విసిరే తీరు ఒకటుంది," అన్నాడు. "తివాచీ దులుపుతున్నట్టుంటుంది. ఒకేసారి రెండు తిట్లెందుకని ఇన్నాళ్లూ ఊరుకున్నాను."

మారిస్ తెడ్లు అందుకొని పడవని ఒడ్డుకి తిప్పాడు. రోలండ్ గొంతు సవరించుకొని, తిట్లు మారిస్ మోచేతి దగ్గర నుంచి మొదలుపెట్టాడు.