మూడో గేరు పడని ఊళ్ళో డ్రైవింగు మాస్టారు

నేను కారు నడపడం నేర్పుతాను. మా పేటలో నన్ను అందరూ 'పర్లేదు మాస్టారు' అంటారు. నా శిష్యులు గోడకి గీసినా, చెత్తడబ్బా పడగొట్టినా, రోడ్డు దాటుతున్న పెద్దమనిషిని హారనుతో హడలగొట్టినా నా నోట వచ్చేది ఆ ఒక్క మాటే. అదంతా నా ఓర్పు అని వాళ్ళనుకుంటారు. నిజానికి ఆ క్షణంలో భయంతో నాకు మరో మాట తోచదు.

నేను వచ్చిన రోజుల్లో ఇది నగరం అనిపించుకోవాలని ఉబలాటపడుతున్న ఊరు మాత్రమే. మా మేనమామకి ఇక్కడ డ్రైవింగు స్కూలుండేది. స్కూలంటే ఒక కారు, ఒక బల్ల, ఊరి చివర ఒక మైదానం. పాత టైర్లు పేర్చి వాటి మధ్య కారు తిప్పించేవాళ్ళం. కొత్తవాళ్ళు ఎటు దూసుకుపోయినా గడ్డి తప్ప ఏమీ నలిగేది కాదు. మామయ్య పోయాక స్కూలు నా చేతికొచ్చింది, మైదానం ఇంకెవరి చేతికో పోయింది. అక్కడ షాపింగ్ మాల్ లేచింది. ఊరి చివర అనుకున్న చోటు నడిబొడ్డయింది. అసలు చివర ఇప్పుడెక్కడుందో చెప్పగలిగిన మనిషి నాకింకా తారసపడలేదు.

అప్పట్నుంచి నగరాన్ని తిట్టడం నా దినచర్యలో భాగమైపోయింది. దుమ్ము, పొగ, హారన్లు, మా గది కిటికీకి అడ్డంగా లేచిన పదంతస్తుల మేడ, ఎప్పటికీ వదలని నా దగ్గు. తిట్టడానికి సరుకుకి కొదవలేదు. చిక్కల్లా ఏమిటంటే, నా కడుపు నింపేదీ ఈ నగరమే. బతుకుతెరువు కోసం ఇక్కడ దిగినవాళ్ళు కాస్త నిలదొక్కుకోగానే కారు కొంటారు. కొన్నాక గాని తమకు నడపడం రాదన్న సంగతి గుర్తుకురాదు. మా ఆవిడది కుట్టుపని. కొత్త మేడలన్నిటికీ కిటికీలుంటాయి, కిటికీలన్నిటికీ తెరలు కావాలి. నేను తిట్టిపోస్తున్న ఎదురు మేడలో సగం తెరలు ఆవిడ కుట్టినవే.

ఓ రోజు నేను తిట్లలో ఉండగా ఆవిడ మిషను ఆపకుండానే అడిగింది.

"ఊరు పెరక్కపోతే మీ దగ్గరికి ఎవరొస్తారండీ?"

నేను గట్టిగా దగ్గి ఊరుకున్నాను. దగ్గుకి అలాంటి ఉపయోగాలు కూడా ఉన్నాయి.

ఊరు పెరిగేకొద్దీ కార్లు పెరిగాయి, కార్లు పెరిగేకొద్దీ వాటి వేగం తగ్గింది. నా శిష్యులు మొదటి గేరులో బయల్దేరి, రెండో గేరు వేసీ వేయకముందే ముందు కారు వెనక ఆగిపోతారు. మూడో గేరు ఎక్కడుంటుందో బండి ఆపి చూపించడం, మళ్ళీ చెయ్యి తీయించడం, అంతవరకే నా పాఠం. అయినా అందరూ పరీక్ష పాసయ్యేవాళ్ళు. పరీక్ష పెట్టేదీ ఆ రోడ్ల మీదే కదా.

అలాంటి సమయంలో నా దగ్గర ఒక నర్సమ్మగారు చేరారు. ఆస్పత్రి ఉద్యోగం నుంచి రిటైరైన మనిషి. ఆవిడ కూతురు నగరానికి ఆ కొసన, కొత్తగా వెలసిన కాలనీలో ఉంటోందట. మనవరాలిని చూడాలంటే బస్సు మీద బస్సు మారాలి. అందుకని ఈ వయసులో స్టీరింగు పట్టారు. తలలు పగిలి వచ్చినవాళ్ళకి ఏళ్ళ తరబడి కట్లు కట్టిన మనిషి కావడంతో చాలా నెమ్మదిగా, చాలా శ్రద్ధగా నడిపేవారు. నా చేత 'పర్లేదు' అనిపించుకునే అవసరం ఆవిడకి దాదాపు రాలేదు.

ఒక ఉదయం ఆవిడ దారి చూపించే ఫోనుని స్టీరింగు పక్కన నిలబెట్టారు. నేను దాన్ని తీసి వెనక సీట్లో పెట్టాను. ఈ ఊరి రోడ్లు నా అరచేతి గీతల్లాంటివని చెప్పాను. అంతటితో ఆగితే బాగుండేది. ఈ ఫోన్లు పుట్టకముందే నేనిక్కడ పుట్టినంత పని చేశానని కూడా అన్నాను. ఆ మాటకి అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మార్కెట్ కూడలిలో ఎడమకి తిప్పమన్నాను. ఆవిడ బుద్ధిగా తిప్పారు. రోడ్డు పైకి లేచింది.

"మాస్టారూ, మనం పైకెళ్తున్నామేంటి?" అన్నారు.

"పర్లేదమ్మా" అన్నాను.

అది కొత్తగా తెరిచిన ఫ్లైఓవర్. నాకు తెలియకుండా నా అరచేతిలో ఇంకో గీత పుట్టిందన్నమాట. దాని మీద మేం తప్ప పురుగు లేదు. కారు రెండో గేరులో మూలగడం మొదలుపెట్టింది. గత్యంతరం లేక మూడో గేరు వేయమన్నాను. ఆవిడ వేశారు. కారు హాయిగా సాగింది. ఇన్నేళ్ళలో నా శిష్యులెవరూ ఎరగని ఆ సుఖం చూసి నా కళ్ళు చెమ్మగిల్లాయి. కింద ఇళ్ళ కప్పులు, నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు వెనక్కి పోతున్నాయి. కిందికి దిగే దారి మాత్రం ఎంతకీ రావడం లేదన్న సంగతి కాస్త ఆలస్యంగా తట్టింది.

ఫ్లైఓవర్ మమ్మల్ని తీసుకెళ్ళి నేనెన్నడూ చూడని చోట దింపింది. అన్నీ అద్దాల భవనాలు. చెట్లు కూడా అప్పుడే నాటినవి, కర్రల ఊతతో నిలబడి ఉన్నాయి. నేను కుడి అన్నాను, మళ్ళీ కుడి అన్నాను, ఎడమ అన్నాను. ఎటు తిప్పినా అదే గుండ్రటి కూడలికొచ్చి పడ్డాం. అక్కడి ఆఫీసు గేటు ముందున్న కాపలా మనిషి మొదట మమ్మల్ని అనుమానంగా చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ పై చుట్టులో లేచి సెల్యూట్ కొట్టాడు.

నర్సమ్మగారు సిగ్నల్ వేసి, అద్దం చూసుకుని, కారు ఓ పక్కకి ఆపారు. ఎక్కడ నొప్పిగా ఉందని రోగిని అడిగే గొంతుతో అడిగారు.

"మాస్టారూ, మీకు దారి తెలీదు కదూ?"

"తెలీదమ్మా."

"ఫోను తీసుకోనా?"

"తీసుకోండి."

ఫోనులోని అమ్మాయి, ఆవిడ కూతురి కాలనీ ఆ వెనక వీధిలోనే ఉందని చెప్పింది. ఎలాగూ ఇంతదూరం వచ్చాం కదాని వెళ్ళాం. తల్లి తనంత తాను కారు నడుపుకుంటూ రావడం చూసి కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది. మనవరాలు వాళ్ళ అమ్మమ్మ మెడకి చుట్టుకుంది. చెప్పాపెట్టకుండా అమ్మని ఇక్కడిదాకా తీసుకొచ్చిన మాస్టారు ఎంత మంచివారోనని కూతురు నాకు దణ్ణం పెట్టింది. నేను తల వంచుకుని ఆ దణ్ణం స్వీకరించాను. నర్సమ్మగారు అసలు సంగతి బయటపెట్టకుండా, వీధి వైపు చూస్తూ నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కున్నారు.

ఆవిడ నా పరువు కాపాడారు గాని నాకు మాత్రం తలకొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి, ఈ ఊరు ఇక నాది కాదని, మకాం మార్చేద్దామని మా ఆవిడతో అన్నాను. మా బావమరిది చిన్న ఊళ్ళో విత్తనాల కొట్టు నడుపుతున్నాడు. అక్కడ స్కూలు పెడతానన్నాను. ముందు మీరెళ్ళి చూసి రండి, బాగుంటే నేనూ వస్తాను అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించాల్సింది.

బావమరిది తన కొట్టు ముందే నాకో బోర్డు కట్టించాడు. ఆ ఊళ్ళో రోడ్లు చూస్తే ప్రాణం లేచొచ్చింది. విశాలంగా, ఖాళీగా, నాలుగో గేరు కూడా పట్టేలా ఉన్నాయి. అక్కడి గాలికి వారం తిరక్కుండా నా దగ్గు మాయమైంది. చంకలు గుద్దుకున్నాను. అయితే దగ్గుతో పాటు పని కూడా మాయమైంది. బోర్డు చూసి ఆగినవాడు ఒక్కడే, ఒక ట్రాక్టర్ డ్రైవరు.

"కారు నడపడానికి మాస్టారెందుకండీ?" అన్నాడు.

వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు. అక్కడ ఎవరికైనా కాళ్ళు పెడల్స్‌కి అందగానే ఇంట్లో అన్నో బాబాయో నేర్పేస్తారట. నేను చాలాసేపు వివరించాను. అంతా ఓపిగ్గా విని, తన పని మీద వెళ్ళిపోయాడు. ఇంతలో నాకు పన్నునొప్పి పట్టుకుంది. పళ్ళ డాక్టరు ఆ ఊరికి గురువారాలే వస్తాడట. ఆ రోజు శుక్రవారం. మా వీధి చివర పళ్ళ డాక్టర్లు ఒకరి పక్కన ఒకరు బోర్డులు కట్టుకుని కూర్చుంటారని తలుచుకునేసరికి ఏడుపొచ్చింది.

"బావా, నువ్వు మా ఊరికి పనికిరావు" అని బావమరిదే బస్సెక్కించాడు.

నగరం పొలిమేరలోనే బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. అందరూ ఊరిని తిడుతున్నారు. ముందు ఒక కొత్త డ్రైవరు కారు ఆగిపోయి, స్టార్టవక, వెనకవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. నేను దవడ పట్టుకుని కిటికీలోంచి తల బయటపెట్టి, క్లచ్ మెల్లగా వదలమని కేక వేశాను. ఎన్ని రోజులకో మళ్ళీ మనిషినైనట్టనిపించింది. బస్టాండులో దిగగానే దగ్గు తిరిగొచ్చింది.

ఇంటికొచ్చేసరికి తాళం వేసుంది. కాసేపటికి మా ఆవిడ మెట్లెక్కి వచ్చింది. పక్క వీధిలో ఇంకొకరి డ్రైవింగు స్కూల్లో చేరిందట. ఆ కొసనున్న కాలనీల నుంచి తెరల ఆర్డర్లు వస్తున్నాయట. మోసుకెళ్ళి ఇచ్చేదెవరంది.

"ఇంట్లో నేనున్నాను కదే?" అన్నాను.

"మీరున్నారనే అక్కడ చేరాను. మీ దగ్గర నేర్చుకుంటే నాకు కారూ రాదు, మన మధ్య మాటలూ ఉండవు."

ఆవిడ మొదటిసారి పరీక్ష తప్పింది. అయ్యో అన్నాను గాని లోపల సంతోషించాను. నా ముఖంలో అది కనిపించిందేమో, రెండోసారి పరీక్ష ఎప్పుడో నాకు చెప్పనేలేదు. పాసయ్యాక చెప్పింది. ఇప్పుడు నా పాఠాలు అయిపోగానే స్కూలు కారు ఆవిడదే. వెనక సీటు నిండా తెరలు వేసుకుని, ఫోనులోని అమ్మాయిని పక్కన పెట్టుకుని, నేను పేరు కూడా వినని వీధులన్నీ తిరిగొస్తుంది. వచ్చి, ఎక్కడేం చూసిందో నాకు చెబుతుంది. నేను వింటాను.

కారు పెట్టుకునే చోటు దొరకడమే మా వీధిలో పెద్ద గండం. అందుకని ఆవిడ సాయంత్రం దారిలోంచి ఫోన్ చేస్తుంది, "కిందికి దిగండి, వస్తున్నా" అని. నేను మడత కుర్చీ తీసుకుని దిగి, రెండు కార్ల నడుమ ఖాళీలో వేసుకుని కూర్చుంటాను. చోటు కోసం వచ్చినవాళ్ళు హారన్ కొడతారు. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తాను. అటుగా పోయే నా శిష్యులు అద్దం దించి నమస్కారం పెడతారు. నడివీధిలో కుర్చీ వేసుక్కూర్చున్న మనిషికి ఎంత హుందాతనం సాధ్యమో అంతా తెచ్చుకుని, నేనూ చెయ్యెత్తుతాను.