నిర్మల్‌లో ఆగిన బస్సు

పన్నెండు భాగాల ఒక నవ్వుల కథ. దాని కింద పాఠకులు రాసిన వెయ్యికి పైగా మాటలు. ఒక మారుపేరు. ఒక ఇల్లాలికి మధ్యాహ్నం పూట దొరికే కాసింత సేపు. ఒక అత్తాకోడళ్ల మధ్య అంతంత మాత్రంగానైనా నడుస్తున్న మాట. పోయినవి ఇవి. ఆరేళ్లుగా కూడుతున్నాను. కూడిన ప్రతిసారీ ఇంకొకటి గుర్తుకొస్తుంది. వీటిలో ఒక్కటీ నాది కాదు. పోగొట్టింది మాత్రం నేనే. ఈ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది ఆదిలాబాద్. పత్తి మిల్లులో కాంటా దగ్గర పని. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను, బండి వంక ఒకసారి చూసి తూకం చెప్పేంతగా. ఆ గర్వం నాలో ఎప్పుడూ ఉంది. చదువుకోని వాడి గర్వం. వేలు తగిలితే చాలు, నొప్పి పుడుతుంది.

అప్పట్లో సాయంత్రం పూట టీవీలో ఒక సీరియల్ వచ్చేది. పాలరాతి మెట్ల బంగళా, ఆ మెట్ల మీద నుంచి సంగీతంతో దిగే రాణమ్మ అనే అత్తగారు, ఏడ్చే కోడలు. మా ఇంట్లో అందరికంటే నేనే ఎక్కువ చూసేవాణ్ని. దాని అభిమానులంతా కలిసి ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. అందులో నేను లెక్కలు రాసేవాణ్ని. రాణమ్మ ఎన్నిసార్లు మూర్ఛపోయింది, కోడలికి ఎన్నో నెల. సీరియల్లో వచ్చిన పండగలను బట్టి చూస్తే ఆ పిల్ల పంతొమ్మిది నెలలుగా కడుపు మోస్తోంది. ఆ రోజు గ్రూపంతా నవ్వింది. నాకు 'లెక్కలన్న' అని పేరు పెట్టింది. మిల్లులో నన్ను పిలిచే పేరు కాంటా. అన్నా అని పిలిపించుకోవడం ఎంత బాగుంటుందో అప్పుడు తెలిసింది.

తరువాత 'పల్లికాయ' వచ్చాడు. అందరం మగవాడనే అనుకున్నాం. కథలు పెట్టే ఒక యాప్‌లో ఆ సీరియల్ మనుషులతోనే కొత్త కథ మొదలుపెట్టాడు. ఆస్తంతా పోయి రాణమ్మ మా వైపు ఒక చిన్న ఊళ్లో ఎరువుల దుకాణం వెనక అద్దెకు దిగుతుంది. ఆ ఇంటికి మూడే మెట్లు. సంగీతం పూర్తయ్యేలోపే మెట్లు అయిపోతాయి కాబట్టి రాణమ్మ మళ్లీ ఎక్కి మళ్లీ దిగుతుంది. ఇరవై భాగాల్లో ఆమెను మనిషిని చేస్తానని పల్లికాయ మొదట్లోనే మాటిచ్చాడు.

పాఠకులకు పిచ్చెక్కింది. ఆఫీసులో గట్టిగా నవ్వి తిట్లు తిన్నానని ఒకరు రాశారు. మా అత్తకు చదివి వినిపించాను, రెండు రోజులు నాతో మాట్లాడలేదని ఒకామె. మా రాణమ్మ చేత ఆ పల్లెటూరి యాస మాట్లాడిస్తావా అని మండిపడ్డవాళ్లు కూడా చివర్లో తరువాతి భాగం ఎప్పుడని అడిగేవాళ్లు. నేనూ నవ్వాను. నిజంగానే నవ్వాను. తొమ్మిదో భాగం దాకా.

తొమ్మిదో భాగంలో లెక్కయ్య అనే గుమస్తా వచ్చాడు. రాణమ్మ వెనకాలే నడుస్తూ, ఆమె తూలినప్పుడల్లా, "అమ్మా, గిది నాలుగోసారి. గీ నెల మూర్ఛలు అయిపోయినయి," అంటాడు. మిల్లులో నాతో పనిచేసే యూసుఫ్ అది చదివి కళ్లు తుడుచుకుంటూ, "గిది నువ్వే గద భాయ్," అన్నాడు. గ్రూపులో అప్పటికే వందమంది అదే మాట రాశారు. నేను నవ్వే బొమ్మ ఒకటి పెట్టాను. ముఖం మాత్రం కాలిపోయింది.

వాళ్లు నన్ను వెక్కిరించారా? ఇప్పుడు తలుచుకుంటే అందులో వెక్కిరింత ఎంతుందో, ఇష్టం ఎంతుందో చెప్పలేను. అప్పుడు తూచే ఓపిక నాకు లేదు. నన్ను లెక్కబెట్టినవాణ్ని నేనూ లెక్కబెడతాను అనుకున్నాను.

మూడు భాగాల తరువాత ఆచూకీ దొరికింది. ఆ కథ వారంలో ఒక రోజు మాత్రం ఎప్పుడూ రాదు. మిగతా రోజుల్లో ఎప్పుడొచ్చినా మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలోనే వస్తుంది. పత్తి కొనే చోట పనిచేసేవాడికి ఏ ఊళ్లో ఏ రోజు వారపు అంగడో నోటికొచ్చి ఉంటుంది. రాసేవాడికి తీరిక లేనిది అంగడి రోజునే అనుకుని, ఆ రోజు అంగడయ్యే ఊళ్లు ఏరుకున్నాను. పన్నెండో భాగంలో రాణమ్మా లెక్కయ్యా ఊరి నుంచి కరీంనగర్ వచ్చి ఆదిలాబాద్ బస్సెక్కుతారు. కరీంనగర్ చేరడానికి పట్టిన సేపు చూస్తే ఒక్క ఊరే మిగిలింది. మిగిలింది దుకాణం. కథలో ఉన్నట్టే ఆ ఊళ్లో బస్సు ఆగే చోటికి ఎదురుగా ఎరువుల దుకాణం ఒకటి ఉంది.

అదంతా గ్రూపులో రాశాను. పల్లికాయది చొప్పదండి అని. దుకాణం ఫలానా చోట అని. రాసేది మగవాడు కాదని, అందరూ తిని పడుకున్నాక దొరికే ఇరవై నిమిషాల్లో రాసే కోడలు అయి ఉంటుందని. సరదాకే రాశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నాలుగుసార్లు చదువుకుని, దిద్దుకుని పెట్టినదాన్ని సరదా అంటారా?

చప్పట్ల బొమ్మలు వరుస కట్టాయి. శభాష్ లెక్కలన్నా అన్నారు. వాటి మధ్యలో చొప్పదండి వాళ్లెవరో ఒక మాట రాశారు. అయితే రాణమ్మ అంటే మా ఊరి ఎరువుల దుకాణం పెద్దమ్మే, ఆ మాటలన్నీ ఆమెవే, ఇన్నాళ్లూ మాకు తట్టలేదు చూడండి అని. దాని కింద ఇంకా నవ్వులు.

రెండు రోజులకు కథ కనిపించలేదు. పల్లికాయ అనే పేరే ఆ యాప్‌లో లేకుండా పోయింది.

వారం తరువాత మిల్లులో ఉండగా ఫోను మోగింది. మధ్యాహ్నం. గడియారం చూడకుండానే వేళ తెలిసింది. నా నంబరు గ్రూపులో ఎవరినో అడిగి తీసుకుందట. మెల్లగా మాట్లాడింది, పక్క గదిలో ఎవరో పడుకుని ఉన్నట్టు.

"అన్నా, నేను పల్లికాయను. మా అత్త దుకాణంల కూసుంటలేదు. ఊరంత నవ్వుతున్నరని. నాతోని మాట బందు వెట్టింది."

నేను ఫోను పట్టుకుని కాంటా దగ్గర నుంచి పక్కకు జరిగాను.

"నాకు దొరికేదే గా జర సేపు. గది గూడ మీ లెక్కల కనబడ్డది గదా అన్నా. కనబడ్డంక గూడ ఎట్ల రాసిండ్రు?"

క్షమించమని అనాలి. ఎవరైనా అదే అంటారు. నా నోటి నుంచి వచ్చింది వేరే.

"లెక్కయితే తప్పలేదు గద?"



"తప్పలే అన్నా. ఒక్కటి గూడ తప్పలే."

ఫోను పెట్టేసింది. నేను తిరిగి చేయలేదు. ఆ రోజూ చేయలేదు, ఈ ఆరేళ్లలోనూ చేయలేదు. ఆమె నంబరు ఇప్పటికీ ఉంది. చేస్తే మళ్లీ ఎవరి కంట పడుతుందోనని భయం అంటాను. అది నిజం. నిజమంతా అది కాదు. చేస్తే ఆమె మళ్లీ అదే ప్రశ్న అడుగుతుంది.

పన్నెండో భాగం నాకు ఇంచుమించు కంఠస్థం. మొదటిసారి చదివినప్పుడు అందులో బస్సు వేళలు తప్ప ఏమీ చూడలేదు. ఎవరి గడపా తొక్కని రాణమ్మ, లెక్కయ్య ఇంట్లో భోజనానికి బయలుదేరిందని, లెక్కయ్య ఊరు ఆదిలాబాద్ అని, అంటే ఆ బస్సు మా ఇంటికే వస్తోందని చాలా ఆలస్యంగా అర్థమైంది. నిర్మల్‌లో బస్సు ఆగింది. లెక్కయ్య పిల్లలకు కొయ్యబొమ్మ కొంటానని రాణమ్మ దిగింది. అక్కడ ఆగిపోయింది.

సీరియల్ ఎప్పుడో అయిపోయింది. గ్రూపు ఉంది. ఏడాదికి ఒకసారైనా ఎవరో ఒకరు అడుగుతారు, ఆ బస్సు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసా లెక్కలన్నా అని. కథ ఎందుకు ఆగిందో వాళ్లకు ఇప్పటికీ తట్టలేదు. నేను చెప్పలేదు. ఇవాళ మీకు చెప్పాను. చెప్పినందుకు ఛాతీ మీద బరువు కొంచెం జరిగింది. బాకీ మాత్రం జరగలేదు.

ఇరవై భాగాల్లో పన్నెండు పోగా, ఎనిమిది.