దిగపహండి సభలో ఊళ్ల పిలుపు

విశాఖలో తెల్లవారుజామున రైలెక్కినప్పుడే ఆకాశం నల్లగా ఉంది. తుఫాను గాలి అన్నారు. నేను అసలే పిరికిదాన్ని, ఉరిమితే దుప్పటి ముసుగేసుకునే రకం. కానీ మా చర్చి సంఘం ప్రాంతీయ మహాసభ ఏడాదికోసారే వస్తుంది. ఈసారి దిగపహండిలో. ఆంధ్ర, ఒడిశా సంఘాలతో పాటు కెన్యాలోని మా సంఘం పెద్దాయన ఒకరు వస్తున్నారని బయలుదేరాను.

పదకొండు దాటాక బరంపురంలో దిగాను. ఆటోలో బస్టాండుకి వెళ్లి, నిలబడే రెండు వడలు తిన్నాను. మీరు వానల్లో వెళితే గొడుగును నమ్ముకోకండి. నాది అక్కడే విరిగిపోయింది. దిగపహండి బస్సులు తరచుగానే ఉంటాయి, కాకపోతే కిటికీ పక్కన కూర్చుంటే తడిసిపోతారు.

పక్క సీట్లో నడివయసు ఆవిడ. ఒళ్లో గుడ్డలో చుట్టిన బైబిలు, చేతిలో ఫోను. పేరు నూకమ్మ, సముద్రం ఒడ్డున ఆర్యపల్లి సంఘం. ఫోను చెవిలో పెట్టుకుంటోంది, తీసేస్తోంది. ఎవరికమ్మా అని అడిగాను.

"మా ఇంటాయన పోలయ్య, మా తమ్ముడు, ఇంకిద్దరు నిన్న పడవేసుకుని సేపల ఏటకెల్లినారమ్మా. గాలొస్తదని సెప్పకముందే ఎల్లిపోనారు. ఇంకా రాలేదు. ఇంటికాడ కూకుంటే పిచ్చెక్కిపోతాది. పదిమందిలో పార్దన సేయించుకుందారని ఒచ్చీసినాను."

బస్సు అద్దాలు గాలికి దడదడలాడుతుంటే ఆమె మళ్లీ ఫోను చెవిలో పెట్టుకుంది.

సభ రేకుల షెడ్డులో. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ముందుగా ఒక్కో ఊరి పేరు పిలుస్తారు, ఆ ఊరివాళ్లు లేచి అందరికీ చేతులు జోడిస్తారు. అది ఎంతకీ తెమలదు. ఏటా ఆ సమయానికి నేను టీకి లేచిపోయేదాన్ని. ఆ రోజు నూకమ్మను వదల్లేక కూర్చున్నాను.

"ఆర్యపల్లి" అనగానే ఆమె లేచింది. చేతులు జోడించలేదు. "మా పడవ రాలేదు బాబూ" అని భోరుమంది.

కెన్యా పెద్దాయన దుబాసీని అడిగి విషయం తెలుసుకున్నాడు. ఆయనది పెద్ద సరస్సు ఒడ్డున ఊరట. "మా నాన్నా జాలరే. నా ప్రసంగానికి తొందరేం లేదు, ముందు ఆ మనుషుల్ని వెతకండి" అన్నాడు. పాస్టరుగారు ఒడ్డు ఊళ్లన్నిటినీ మళ్లీ పిలిచారు. ఈసారి లేచినవాళ్లు ఫోన్లు తీశారు. గోపాలపూర్ నుంచి బారువ దాకా ఎవరి ఊరికి వాళ్లు చేశారు.

"గాలి ఈశాన్యం నుంచి తోస్తంది. దచ్చినం ఏపు ఊర్లు గట్టిగా అడగండి" అన్నాడొక ముసలాయన.

"లేదంట", "సూడలేదంట" అన్నప్పుడల్లా నూకమ్మ గోళ్లు నా మణికట్టులో దిగేవి.

చీకటి పడుతుండగా బారువ సంఘం దావీదు లేచాడు. "పడవ మా ఊరికి కొట్టుకొచ్చినాదంట. నలుగురూ ఉన్నారు. ఒకుడు మాత్రం తెలివి తప్పిపోనాడంట, ఆసుపత్రిలో ఎట్టినారు. రేపు పాసింజరుకి ఎవులో ఒకులు సోంపేట టేసనుకొస్తారు."

"ఆడి పేరేటి?" అంది నూకమ్మ.

దావీదు మళ్లీ చేశాడు. అప్పటికే లైను పోయింది. తెల్లారినా కలవలేదు.

సోంపేట నా ఇంటిదారిలోనే. పొద్దున్నే నేను, నూకమ్మ, దావీదు ముగ్గురం బరంపురం వచ్చి పాసింజరెక్కాం. దావీదు తెలిసే దాస్తున్నాడేమోనని నేను అతని ముఖంలోకి చూడలేకపోయాను.

సోంపేట ప్లాట్‌ఫాం మీద పోలయ్య నిలబడి ఉన్నాడు. ఒంటి మీద రెండింతల వదులు చొక్కా, బారువ సంఘంలో ఎవరో ఇచ్చింది. మొగుణ్ణి చూసినా నూకమ్మ ముఖం విచ్చుకోలేదు. రైలు మెట్టు మీద నుంచే అరిచింది.

"ఆసుపత్రిలో ఉన్నదెవుడు?"

"నీ తమ్ముడే. ఇందాకే కల్లు తెరిసినాడు. అక్క ఏదన్నాడు."

ఆమె దిగి, ప్లాట్‌ఫాం మీదే కూలబడి ఏడ్చింది. దావీదు పక్కన కూర్చున్నాడు. రైలు కదిలింది. నా మణికట్టు ఇంకా మండుతూనే ఉంది. వచ్చే ఏడు సభలో ఊళ్ల పేర్లు పిలిచేటప్పుడు నేను టీకి లేవను.