పేగు ముక్క, వేరు పళ్లెం

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు కరీంనగర్‌లోని ఒక పెద్దాసుపత్రికి పాథాలజిస్టుగా బదిలీ అయి వచ్చాను. రోగి శరీరం నుంచి తీసిన ముక్కను పలుచగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసి జబ్బేమిటో చెప్పడం మా పని. రోగి మొహం మాకు కనిపించడం అరుదు. నిజం చెప్పాలంటే నాకు అదే హాయిగా ఉండేది.

ఆ వానాకాలంలో సిరిసిల్లలో సాంచాలనే మరమగ్గాల కార్మికుడు రమేశ్ పేగు ముక్క వచ్చింది. చాలాకాలంగా కడుపునొప్పి, విరేచనాలు. వేరేచోట పేగు టీబీ అన్నారు. మందుల కోర్సు పూర్తిచేసినా తగ్గలేదు. ముక్కలో రోగనిరోధక కణాలు గుంపులు కట్టి ఉన్నాయి. టీబీలోనూ అలాగే కడతాయి, క్రోన్స్ అనే జబ్బులోనూ కడతాయి. ఒకదాన్ని మరొకటిగా పొరబడటం మా వృత్తిలో కొత్త కాదు. క్రోన్స్ మందులు ఆ కణాలను అణచివేస్తాయి. టీబీ ఉన్నవాడికి అవి ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. టీబీ గుంపు నడుమ కణజాలం చచ్చి జున్నులా మారుతుంది. ఇక్కడ అది లేదు. క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలోనూ టీబీ క్రిమి పెరగలేదు. అన్నీ మళ్లీ చూసుకుని క్రోన్స్ అని రాశాను.

ఇంట్లోవాళ్లు నమ్మడం లేదని వార్డు డాక్టరు వాళ్లను నా గదికి పంపాడు. రమేశ్, అతని అన్న రాజేశం, రమేశ్ చిన్నకూతురు వచ్చారు. దొంగ లేకపోయినా ఇంటివాళ్లనే కొట్టే కావలివాడిలా, క్రిమి లేకపోయినా ఈ కణాలు సొంత పేగునే పుండు చేస్తున్నాయని చెప్పాను. ఇది అంటుకోదన్నాను.

రాజేశం తల దించుకున్నాడు. "మరి గిన్నొద్దులు వాని తల్లె, గిలాస వేరే పెట్టినం సార్. సాంచాల షెడ్డుల పండబెట్టినం. పిల్లను దగ్గరికి పోనియ్యలే."

"అన్ననేమనకుండ్రి సార్," అన్నాడు రమేశ్. "పిల్లకేమన్న అయితదని భయపడ్డడు."

ఎక్స్‌రేలో అతని ఊపిరితిత్తులు మొదటినుంచీ బాగానే ఉన్నాయి. ఒక్క పేగులోనే ఉన్న టీబీ అయినా పళ్లెం వల్ల అంటదు. ఆ సంగతి చెబితే రాజేశం నావంక చూసి, "గది మాకెవ్వరు చెప్పలే సార్" అన్నాడు. స్కోపు వేసినవాళ్లు, మందులిచ్చినవాళ్లు, ముక్క చూసినవాళ్లు, ఇంతమంది డాక్టర్లం ఉండి ఒక్క మాట చెప్పలేకపోయామని సిగ్గుతో చచ్చిపోయాను.

రమేశ్ కూతురి వైపు చేతులు చాపాడు. ఆ పిల్ల రాజేశం వెనక్కి జరిగి, "వద్దు బాపూ, నీ రోగమొస్తది" అంది.

మందులతో అతని పేగు పుండ్లు మానడం తర్వాతి ముక్కలో నేనే చూశాను. జబ్బు పేరు రాసినప్పుడే అది అంటుతుందో అంటదో ఇంటివాళ్లకు చెప్పించాలని అప్పుడు నేర్చుకున్నాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ పని చేశాను. ఆ పిల్ల తండ్రి దగ్గరికి వెళ్లిందో లేదో మాత్రం తెలుసుకోలేదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు.