బోటాటౌంగ్ బస్సులో ‘ఏటీ నేదు’

ఉదయం ఏడున్నరకి అహ్లోన్‌లో బస్సెక్కాం. మాది డూ-వాప్ బృందం. వాయిద్యాలుండవు. ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు వెనక ‘డూ-వా, డూ-వా’ అంటారు. నెల కిందట ఫోన్లో పాత అమెరికా పాటలు విని మొదలెట్టాం. కరెంటు పోయినా ఆగని సంగీతం మరి.

వెళ్తున్నది బోటాటౌంగ్‌లో బర్మాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్ల హాలుకి, ఆదివారం కార్యక్రమంలో చోటడగడానికి. దొరక్కపోతే ఫుట్‌బాల్ జట్టులో చేరిపోతానని సూరి తేల్చేశాడు. మాలో కింది శ్రుతి పలికేది వాడొక్కడే. వాడు లేకపోతే మిగతా ముగ్గురం కుక్కర్ విజిల్.

పాడేది చిట్టి, పదహారేళ్లు. చిటికెలు వేసేది వాళ్లన్న బాబ్జీ. మధ్య గొంతు నాది, అని నా నమ్మకం. చిట్టికి తోడుగా వాళ్ల నానమ్మ కూడా బయల్దేరింది. ఆవిడకి వినపడదు, కాబట్టి మాకు నచ్చిన శ్రోత.

ఎనిమిదింటికి దారిలో లత అనే పేటలో దిగాం. సూరి ఇల్లు అక్కడే, వాణ్ణి కలుపుకున్నాం. చేపల పులుసులో సేమ్యా వేసిన మొహింగా తిన్నాం. సూరి రెండు గిన్నెలు లాగించి, “కింది శ్రుతికి బరువుండాలి కదరా” అన్నాడు.

తర్వాతి బస్సులో కుడివైపు కూర్చోండి, నది పక్క అదే. కనిపించేవి గోడౌన్ల గోడలనుకోండి, అయినా పక్క అదే. మేం సాధన మొదలెట్టగానే నానమ్మ తిరిగింది.

“ఏటి?”

“ఏటీ నేదు, నానమ్మా.”

“ఏటి? కడుపునొప్పా?”

కూరల బుట్టతో ఉన్న బర్మా ఆవిడ భాష తెలియకుండానే నవ్వింది.

తొమ్మిదిన్నరకి హాలు. అక్కడి పెద్ద ఊ సింహాచలం గారు (ఊ అంటే ఇక్కడ ‘అయ్యా’ లాంటి మర్యాద) చివరిదాకా విన్నారు.

“బాగుందిగానీ, ఇది ఏ బాసరా?”

“ఏ భాషా కాదండీ, అంతా డూ-వాయే,” అన్నాను, నిజాయితీ పనికొస్తుందనుకుని.

“అయితే కుదరదు. తెలుగు పాటలకే చోటు.”

సూరి సంచీ భుజాన వేసుకున్నాడు. నెల వయసున్న బృందం ముగిసింది. సంతాపసభకి హాలు కూడా సిద్ధంగానే ఉంది.

“ఏటి? ఏటన్నాడు?” అంది కుర్చీలోంచి నానమ్మ.

“ఏటీ నేదు,” అంది చిట్టి. ఏడుపు ఆపుకోవడంలో అది సరిగ్గా శ్రుతిలో పడింది.

తలుపు దగ్గర సూరి ఆగాడు. అలవాటు చొప్పున కింది నుంచి అందుకున్నాడు: “ఏటీ నేదు... ఏటీ నేదు...” బాబ్జీ చిటికె వేశాడు. నేను మధ్యలో దూరాను. మేం ధారాళంగా పాడగలిగిన తెలుగు ఆ రెండు మాటలే. మా నోళ్లు చూసి వెక్కిరిస్తున్నామనుకుని నానమ్మ “ఏటి?” అని గద్దించింది, సరిగ్గా తాళం మీద. మళ్లీ అడిగింది. మళ్లీ తాళం మీదే.

సింహాచలం గారు నవ్వు దాచుకోవడానికి జాబితా కాగితం అడ్డం పెట్టుకున్నారు. “తెలుగేలే,” అని కలం తీశారు. “బృందం పేరు?”

అది మేం ఆలోచించనే లేదు.

“ఏటి?” అంది నానమ్మ.

ఆయన అదే రాసుకున్నారు.

పదకొండింటి బస్సులో తిరిగొచ్చాం. ఈసారి నది ఎడమవైపు, గోడలు మాత్రం అవే. లతలో దిగాల్సిన సూరి దిగలేదు, ఆదివారంలోగా ఇంకో చరణం కావాలన్నాడు. ఏం జరిగిందో నానమ్మకి ఇంకా తెలీదు. స్టాపు స్టాపుకీ అడుగుతూనే ఉంది. మేమూ జవాబు చెబుతూనే ఉన్నాం, నాలుగు గొంతుల్తో.